అత్తగారు పక్కనే ఉన్నప్పుడు

నర్సింగ్ విద్యార్థులు ఆసుపత్రి పోస్టింగుకు వెళ్ళేముందు వృత్తి నీతి, రోగి గోప్యత గురించి ఆన్‌లైన్‌లో నేను చెప్పే పాఠం చివర ఒక చిన్న పరీక్ష ఉంటుంది. దాదాపు అందరికీ పూర్తి మార్కులు వస్తాయి. ఆ మాట కాస్త గొప్పగా చెప్పుకుంటే మా పెద్దమ్మ నవ్వింది. ఆవిడ ప్రభుత్వాసుపత్రి ప్రసూతి వార్డులో హెడ్ నర్సుగా చేసి రిటైరైంది.

“ఏదీ, ఒక ప్రశ్న చదువు.”

“రోగి వివరాలు స్నేహితులకు చెప్పవచ్చా? అవును, కాదు.”

“దీనికి అవునని రాసే పిల్ల ఉంటుందటే? పేరు చెప్పకుండా చెప్పొచ్చా అని అడుగు, అప్పుడు చూద్దాం.”

“అది వాళ్ళే అడిగారు. పేరు, వయసు, ఊరు, ఐపీ నంబరు, ఫొటో, ఏవీ బయటికి పోకూడదన్నాను.”

“మన దగ్గర పేరెవరిక్కావాలి? ‘రైసు మిల్లువాళ్ళ రెండో కోడలు’ అంటే చాలు, మండలమంతా పోల్చుకుంటుంది. కొడుకు డల్లాస్‌లో ఉన్నాడని ఇంకో ముక్క కలిపితే ఆ డల్లాస్‌లో కూడా తెలిసిపోతుంది.”

ఆవిడ వేళాకోళంగా అన్నా మాట సూటిగా తగిలింది. అమెరికాలో హిపా నిబంధనల ప్రకారం రోగి ఎవరో తెలియకుండా చెయ్యాలంటే తీసెయ్యాల్సిన గుర్తుల పట్టికలో 18 అంశాలుంటాయి. పేరు, ఫోన్ నంబరు, వేలిముద్రలు, ఇలా సాగి, మనిషిని విడిగా పట్టించే మరే గుర్తయినా అనే అంశంతో ముగుస్తుంది. మన ఊళ్ళలో మొదటి 17 కంటే ఆ చివరిదే పెద్దది. ఇంటిపేరు, కులం, వీధి, అల్లుడి ఉద్యోగం, పోయినేడు జరిగిన పెళ్ళి, అన్నీ అందులోకే వస్తాయి.

“సరే, బయటి సంగతి పక్కనపెట్టు. వార్డులో మంచం దగ్గర ఏం చెయ్యాలో ఏం చెప్పావు?”

“హిస్టరీ తీసుకునేటప్పుడు ఏకాంతం ఉండాలన్నాను.”

“ఎక్కడుంటుంది ఏకాంతం? అటు మంచానికీ ఇటు మంచానికీ మధ్య మనిషి నిలబడే చోటుండదు. కర్టెన్ ఉంటే రింగులుండవు. నీ స్లైడులో రోగి ఒక్కతే ఉండుంటుంది. మన దగ్గరికి ఒక్కతే వచ్చిన రోగిని చూశావా ఎప్పుడైనా? గర్భిణి వస్తే పక్కన అత్తగారుంటుంది, వెనక ఆడబిడ్డ, గుమ్మం దగ్గర మొగుడు. మీ పిల్ల కేసు షీటు పట్టుకుని, గట్టిగా, ‘ఇంతకుముందు అబార్షన్ ఏమైనా అయిందా అమ్మా?’ అంటుంది. పెళ్ళికి ముందు అయిందనుకో. ఆ అమ్మాయి ఏమని చెప్పాలి?”

నేను మాట్లాడలేదు. నిజం చెబితే కాపురానికి ముప్పు. లేదంటే కేసు షీటులో తప్పు రాస్తాం, రేపు రక్తస్రావమైనప్పుడు డాక్టరు ఆ తప్పునే నమ్ముతారు. ఆ పిల్ల అడిగింది అడగాల్సిన ప్రశ్నే, సిలబస్‌లో ఉన్నట్టే అడిగింది.

“నువ్వేం చేసేదానివి?”

“అత్తగారిని పంపేదాన్ని. ‘ఈ ఓపీ చీటీ మీద ముద్ర లేదమ్మా, కౌంటర్లో వేయించుకు రండి’ అని.”

“అంటే అబద్ధమాడమని నేర్పాలా? నీతి పాఠంలో?”

“అబద్ధమేముందే అందులో? ముద్ర నిజంగానే కావాలి. ఎప్పుడు కావాలో నేను చెప్పాను, అంతే.”

ఈ వాదన పూర్తిగా ఒప్పుకోలేదు నేను. ముద్ర ఉన్న చీటీ వచ్చినరోజు ఏం చేస్తావన్నాను. “పరీక్ష చెయ్యాలి, అందరూ బయట ఉండండి అంటాను. ఒక్కరికే అంటే అనుమానం, అందరికీ అంటే పద్ధతి,” అంది. దీనికి మాత్రం నా దగ్గర జవాబు లేదు. నా స్లైడుల్లో ఎక్కడా లేని వాక్యమిది.

చట్టం సంగతి నేనే ఎత్తాను. గర్భస్రావ చట్టానికి 2021లో వచ్చిన సవరణ ప్రకారం, గర్భం తొలగించుకున్న స్త్రీ పేరూ వివరాలూ అధికారం లేనివారికి వెల్లడించిన డాక్టరుకు ఏడాది దాకా జైలు పడవచ్చు. హెచ్ఐవీ విషయంలో 2017 చట్టం ఇంకా నిక్కచ్చి. భాగస్వామికి చెప్పక తప్పని పరిస్థితి వచ్చినా చెప్పాల్సింది డాక్టరో కౌన్సెలరో. అదీ ముందు రోగికి నచ్చజెప్పి, తాము చెప్పబోతున్నామని తెలియజేశాకే. విద్యార్థికి అక్కడ చోటే లేదు.

“జైలు పేరు చెబితే పిల్లలు భయపడతారు, నేర్చుకోరు. పాతవాళ్ళెవరూ చెప్పలేదా ఇదంతా?”

చెప్పారు. చరక సంహిత విమానస్థానం ఎనిమిదో అధ్యాయంలో శిష్యుడికి గురువు చేసే ఉపదేశం ఉంది. రోగి ఇంటికి తెలిసినవారి వెంట, అనుమతి తీసుకుని వెళ్ళాలి. ఆ ఇంటి సంగతులు బయట చెప్పకూడదు. రోగికి ఆయుష్షు తక్కువని తెలిసినా, ఆ మాట రోగికో మరొకరికో దెబ్బ అయ్యేచోట అనకూడదు. గ్రీకుల హిప్పోక్రాటిస్ ప్రమాణంలోనూ వైద్యుడు ఇళ్ళలోకి వెళ్ళడమే కనిపిస్తుంది.

“అప్పుడు వైద్యుడు ఇంటికి వెళ్ళేవాడు. ఇప్పుడు ఇల్లే వార్డుకి వచ్చేస్తోంది,” అంది పెద్దమ్మ. “అందుకే ఇంకో గొడవ. నాలుగూళ్ళకి తెలియకూడదని దాస్తాం సరే, రోగికే తెలియకుండా కొడుకుతో చెప్పేస్తాం. ‘అమ్మకి చెప్పకండి సిస్టర్, తట్టుకోలేదు’ అంటాడు. ఆ రిపోర్టు ఎవరిది? అమ్మదా, బిల్లు కట్టినవాడిదా?”

చరకుణ్ణి అడ్డం పెట్టుకుని కొడుకు వైపు వాదించవచ్చు. కానీ చెప్పకుండా ఆగడం వేరు, ఆవిడ అడిగినా దాటవేసి పక్కవాడితో చెప్పడం వేరు. నా మటుకు నాకు రెండోది గోప్యత కానే కాదు.

“అయితే ఇదంతా ఆన్‌లైన్‌లో చెప్పడం దండగంటావా పెద్దమ్మా?”

ఔనంటుందనుకున్నాను.

“గొంతు తగ్గించి అడగడం, మనిషిని బయటికి పంపడం తెర మీద రావు. అవి వార్డులోనే రావాలి. కానీ రోగి కబుర్లు పొక్కేది వార్డులోనా? బస్సులో, అన్నం దగ్గర, ఫోనులో. ఆన్‌లైన్ క్లాసప్పుడు నీ పిల్లలుండేది సరిగ్గా అక్కడే. వాళ్ళమ్మ పప్పు వడ్డిస్తూ ‘ఇవాళ ఆసుపత్రిలో ఏం చూశావే?’ అంటుంది. దానికి జవాబు నేర్పు. ఏమీ లేదంటే అమ్మ ఒప్పుకోదు. తన సంగతి చెప్పాలి, రోగి సంగతి కాదు. ‘కాళ్ళు పీకేశాయమ్మా, ఇవాళ బీపీ సొంతంగా చూశాను’ అని. క్లాసులో ఇద్దరిద్దరిని కూచోబెట్టి అమ్మా కూతురూ ఆడించు.”

రోగి “ఎవరికీ చెప్పకు” అన్నప్పుడు మాటివ్వకూడదనీ, మొగుడు కొడుతున్నాడనో పురుగుమందు తాగాననో చెబితే చూస్తున్న డాక్టరుకు చెప్పాల్సిందేననీ, ఆ సంగతి రోగికి ముందే తెలియజేయాలనీ కూడా చేర్చమంది. బీపీ చూడకుండానే ఎవరో చార్టులో అంకె వేస్తే దాన్ని కప్పిపుచ్చడం గోప్యత కిందికి రాదని నేను చేర్చాను. “అది ముందు పెట్టు. పిల్లలని నోరుమూసుకోమనేది ఎక్కువగా అక్కడే,” అంది.

తర్వాత, క్లాసు రికార్డు చేస్తారా అని అడిగింది. హాజరు చూపించడానికి చేయాలని కాలేజీ నియమం అన్నాను. ఎవరెవరు చూడొచ్చంది. లింకు ఉన్నవాళ్ళెవరైనా.

“పిల్లలు వార్డులో చూసినవి చెప్పుకునే క్లాసు కూడానా?”

ఆ ఒక్క క్లాసుకి హాజరు పేర్లు పిలిచి తీసుకుంటాను, రికార్డింగు వద్దని ప్రిన్సిపాల్‌గారిని అడుగుతానన్నాను. రాతపూర్వకంగా అడగమంది పెద్దమ్మ.