ఆందోళనలో దేహం – నమాజులో నెమ్మది

ఇషా నమాజు అయిపోయింది. పిల్లలు పడుకున్నారు. దీపాలు ఆర్పేశారు. పగలంతా చాకిరీ చేసిన ఒళ్ళు చాప మీద వాలింది. కాని పళ్ళు బిగుసుకునే ఉన్నాయి, భుజాలు సడలడం లేదు. రేపు కట్టాల్సిన ఫైనాన్సు వాయిదా, గల్ఫ్‌లో మూడు నెలలుగా జీతం అందని కొడుకు, కట్నం దగ్గర ఆగిపోయిన కూతురి పెళ్ళి... ఒకదాని వెనుక ఒకటి కళ్ళ ముందు తిరుగుతుంటాయి. కాసేపటి క్రితం చేసిన నమాజులో ఏ సూరా చదివారో కూడా గుర్తుండదు.

సోదరులారా, సోదరీమణులారా! ఈ స్థితిలో ఉన్నవారితో మనం తరచూ ఒక మాట అంటూ ఉంటాం: "నీ ఈమాన్ బలహీనపడింది. అల్లాహ్ మీద భారం వేస్తే ఇవన్నీ ఉండవు." మంచి ఉద్దేశంతోనే అంటాం. కాని ఖుర్ఆన్ వినిపించే ఒక వృత్తాంతం ముందు ఈ మాట నిలవదు.

హజ్రత్ యాఖూబ్ (అ) దైవప్రవక్త. ప్రియపుత్రుడు యూసుఫ్ (అ) దూరమైనప్పుడు ఆయన ఉత్తమమైన సహనం వహించారు. అయినా ఏళ్ళ తరబడి లోలోపల దిగమింగుకున్న దుఃఖంతో ఆయన కళ్ళు తెల్లబడిపోయాయని యూసుఫ్ సూరా తెలుపుతోంది. ఇలా తలచుకుంటూ నువ్వు కృశించిపోతావని కొడుకులే ఆయన్ను మందలించారు. ఆయన తన బాధను, దుఃఖాన్ని అల్లాహ్‌కు మాత్రమే మొరపెట్టుకుంటున్నానన్నారు. అంతటితో ఊరుకోలేదు. వెళ్ళి యూసుఫ్‌ను, అతని తమ్ముణ్ణి వెతకండని కొడుకులను పంపారు. ప్రవక్త శరీరం కూడా దుఃఖభారానికి దెబ్బతిన్నది. అందుకు అల్లాహ్ ఆయన్ను నిందించలేదు. అలాంటప్పుడు నిందించడానికి మనమెవరం?

దేహంలో జరిగేదేమిటో కాస్త చూద్దాం. పొలంలో నడుస్తుండగా కాలి దగ్గర పాము కదిలిందనుకోండి. మీరు ఆలోచించే లోపే మెదడు ప్రమాద ఘంటిక మోగిస్తుంది. మూత్రపిండాల మీద టోపీల్లా ఉండే అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్‌ను, ఆ తర్వాత కార్టిసాల్‌ను రక్తంలోకి వదులుతాయి. గుండె వేగం పెరుగుతుంది. కాలేయం చక్కెరను విడుదల చేస్తుంది. కండరాలు బిగుస్తాయి. జీర్ణక్రియ మందగిస్తుంది. పరుగెత్తాల్సిన సమయంలో అన్నం అరిగించుకునే తీరిక దేహానికి ఉండదు కదా! ఇది సృష్టికర్త మనలో ఉంచిన రక్షణ ఏర్పాటు. పాము వెళ్ళిపోగానే అన్నీ సర్దుకుంటాయి.

కాని అప్పు పాములాంటిది కాదు. అది పొదలోకి వెళ్ళిపోదు. నెలల తరబడి ఇంట్లోనే ఉంటుంది. దాంతో ఆ ఘంటిక మోగుతూనే ఉంటుంది. రక్తపోటు పెరుగుతుంది. మధుమేహం ఉన్నవారికి చక్కెర అదుపు తప్పుతుంది. మెడనొప్పి, తలనొప్పి, కడుపులో మంట, జబ్బులను తట్టుకునే శక్తి తగ్గడం, స్త్రీలకు నెలసరి క్రమం తప్పడం... ఇవన్నీ దీని వెంట రావచ్చు. హాన్స్ సెల్యే అనే శాస్త్రవేత్త 1936లోనే ఎలుకల మీద చేసిన పరిశోధనలో ఒక సంగతి గమనించాడు. వాటికి కలిగించిన కష్టం ఏ రకమైనదైనా లోపలి దెబ్బలు ఒకేలా ఉన్నాయి: అడ్రినల్ గ్రంథులు ఉబ్బాయి, పొట్టలో పుండ్లు పడ్డాయి.

సాధారణంగా కార్టిసాల్ తెల్లవారుజామున పెరిగి, అర్ధరాత్రి వేళకు బాగా తగ్గుతుంది. దీర్ఘకాలపు ఆందోళనలో ఈ క్రమం చెదిరిపోవచ్చు. అందుకే ఒళ్ళు అలసినా నిద్ర రాదు. మరో విచిత్రం కూడా ఉంది. ఎప్పుడూ కాపలా కాయడం అలవాటైన దేహానికి నిశ్శబ్దమే అనుమానంగా తోస్తుంది. కాస్త సడలగానే ఏదో మరిచిపోయానే అని గుండె దడదడలాడుతుంది. అలాంటి మనిషితో "ప్రశాంతంగా ఉండు" అనడం, కాలు విరిగినవాణ్ణి పరుగెత్తమనడమే! నెమ్మదిని దేహానికి మళ్ళీ నేర్పాల్సి ఉంటుంది.

ఎలా నేర్పాలి? బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉన్న ఒక హదీసు చూడండి. ఒక వ్యక్తి మస్జిదులోకి వచ్చి హడావుడిగా నమాజు చేశాడు. దైవప్రవక్త (స) అతని సలాముకు జవాబిచ్చి, తిరిగి వెళ్ళి నమాజు చేయమన్నారు, నువ్వసలు నమాజు చేయలేదన్నారు. ఇలా మూడుసార్లు జరిగింది. నాకు ఇంతకన్నా బాగా రాదు, నేర్పండని అతను వేడుకున్నాడు. అప్పుడాయన (స) నేర్పిన దానిని గమనించండి: రుకూలో నెమ్మది కలిగే వరకు ఉండు, నిటారుగా నిలబడు, సజ్దాలో నెమ్మది కలిగే వరకు ఉండు, కూర్చుని నెమ్మది కలిగే వరకు ఉండు. మనసు నిలుపు అని మాత్రమే అనలేదు. దేహం ఎక్కడ ఎంతసేపు ఆగాలో చెప్పారు. ఆయన రుకూ నుంచి లేచి నిలబడితే వెన్నుపూసలన్నీ తమ తమ చోట్లకు చేరేవని మరో హదీసులో ఉంది.

ఈ నెమ్మదికి ధర్మవేత్తలు వాడే అరబీ పదం 'తుమానీనత్'. దైవస్మరణతో హృదయాలు తృప్తి చెందుతాయని రాద్ సూరాలో చెప్పిన చోట వచ్చేదీ ఈ ధాతువుకు చెందిన పదమే. ఒకచోట అది హృదయానికి, మరోచోట కీళ్ళకూ వెన్నుకూ వర్తించింది. హృదయం వెంటనే మాట వినకపోయినా వెన్ను వింటుంది. ఈ రాత్రి రుకూలో తస్బీహ్ పలుకుతున్నప్పుడు భుజాలను వదలండి, దవడను వదలండి, ఊపిరి నిదానంగా బయటకు పోనివ్వండి. నెమ్మదిగా వదిలే శ్వాసతో వేగస్ నాడి ద్వారా గుండె వేగం తగ్గుతుందని వైద్యులు చెబుతారు. (నమాజు వ్యాయామం కాదు సుమా! అది ఆరాధన. దాన్ని కసరత్తుగా వర్ణించే ప్రసంగాలు నాకు నచ్చవు. కాని ప్రవక్త (స) ఆజ్ఞాపించిన నిదానాన్ని పాటిస్తే దేహానికీ దాని వాటా అందుతుంది.) మొదట్లో అసహనంగా ఉంటుంది. ఉండనివ్వండి, లేచిపోకండి.

ఆరాధనలో కూడా దేహాన్ని హింసించడం ఆయనకు ఇష్టం లేదు. మస్జిదులో రెండు స్తంభాల మధ్య తాడు కట్టి ఉండటం చూసి ఇదేమిటని అడిగారు. హజ్రత్ జైనబ్ (రజి) నమాజులో అలసిపోతే పట్టుకుంటారని చెప్పారు. విప్పెయ్యండి, ఓపిక ఉన్నంతసేపే నమాజు చేయాలి, అలసిపోతే కూర్చోవాలి అన్నారాయన (స). ఇషా తర్వాత కబుర్లు కూడా ఆయనకు నచ్చేవి కావు. అర్ధరాత్రి దాకా సెల్‌ఫోన్ పట్టుకుని కూర్చునే మనకు ఇది వర్తించదా?

వారాల తరబడి నిద్ర లేకపోతే, బతుకు మీద ఆశ సన్నగిల్లితే వైద్యుని దగ్గరికి వెళ్ళండి. చికిత్స చేయించుకోమన్నది మన ప్రవక్తే (స). కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే ఉచితంగా సలహా దొరుకుతుంది. అది ఈమాన్‌కు మచ్చ కాదు.

హజ్రత్ అనస్ (రజి) ప్రవక్త (స) నోట తరచూ విన్న ఒక దుఆ ఉంది. అందులో ఆయన ఎనిమిది విషయాల నుంచి శరణు కోరేవారు. మొదటి రెండు, రాబోయే దాని గురించిన దిగులు, గడిచిపోయిన దాని గురించిన దుఃఖం. చివరి రెండు, నడుము వంచే అప్పు బరువు, మనుషుల దౌర్జన్యం. ఒకరి నిద్ర చెడగొట్టేది తరచూ మరొక మనిషే అన్నమాట. ఇబ్బందుల్లో ఉన్న రుణగ్రస్తునికి వెసులుబాటు కలిగే వరకు గడువివ్వాలని, వదిలేస్తే అది మరింత మేలని బఖరా సూరా 280వ వాక్యం బోధిస్తోంది. మనలో అప్పిచ్చినవారున్నారు, కట్నం అడిగిన వియ్యంకులూ ఉన్నారు. ఈ రాత్రి ఇషా తర్వాత వారిలో ఒక్కరు ఫోన్ చేసి "ఈ నెల వద్దులే భాయ్, వీలైనప్పుడు ఇద్దువుగాని" అంటే చాలు, అవతలి ఇంట్లో ఒక మనిషి నిద్రపోతాడు.