పరదేశియైన పండితుడు



అమీర్‌పేటలోను, పంజాగుట్టలోను గదులు అద్దెకిచ్చు ఇంటివారు ముందుగా అడుగునది, “మీదే ఊరు? ఎవరి తాలూకు?” అని. కంప్యూటరు కోర్సులకని అక్కడికి వెళ్లిన మన పల్లెల బిడ్డలకు దీనికి జవాబు కష్టము కాదు. పండుగ వచ్చెనా, బస్సెక్కి ఇల్లు చేరుదురు. తిరిగి పోవుటకు ఊరే లేని చదువరి ఏమని చెప్పును?

2021 ఆగస్టు 15న కాబూలు తాలిబానుల వశమైనప్పుడు ఉస్మానియాలోను, ఇంగ్లీషు విదేశీ భాషల విశ్వవిద్యాలయములోను చదువుచున్న అఫ్గాను విద్యార్థులకు ఈ గతి పట్టెను. వారిలో పరిశోధకులును ఉండిరి. స్వదేశమునకు వెళ్లియున్నవారి వీసాలు ఆ నెలలోనే రద్దాయెను. 2022 డిసెంబరులో అక్కడ స్త్రీలకు విశ్వవిద్యాలయముల తలుపులు మూయబడెను. మన దేశము 1951 నాటి శరణార్థుల ఒడంబడికలో చేరలేదు గనుక, ఇట్టివారు కాగితము మీది గడువును చూచుకొనుచు బ్రదుకవలసినదే.

ఇట్టివానిని చేర్చుకొనునప్పుడు అతడు ఏ పక్షమువాడో విచారింపవలెనా? ఈ ప్రశ్న మన హైదరాబాదుకు క్రొత్తది కాదు. 1938లో వందేమాతరము పాడినందుకు ఉస్మానియా నుండి వెళ్లగొట్టబడిన విద్యార్థులను నాగపూరు విశ్వవిద్యాలయము చేర్చుకొనెను. పి.వి. నరసింహారావుగారు వారిలో ఒకరు. ఇది చెప్పుకొనుట మనకు సంతోషమే. వారు మనవారు గదా!

రెండవ సంగతి అంత సులువు కాదు. అదే ఉస్మానియాలో అంతర్జాతీయ న్యాయశాస్త్రము బోధించిన ముహమ్మద్ హమీదుల్లాగారు 1948లో నిజాము ప్రభుత్వ ప్రతినిధి వర్గముతో ఐక్యరాజ్యసమితికి వెళ్లెను. సెప్టెంబరులో సైన్యము వచ్చి ఆ రాజ్యము పోయెను. ఆయన పారిసులో నిలిచిపోయెను. రజాకార్ల దినములలో మన గ్రామములు పడిన పాట్లు పెద్దలు చెప్పగా వింటిమి. ఆ ప్రభుత్వము పక్షమున మాటలాడబోయిన మనుష్యునికై మనమేల జాలిపడవలెనని ఎవరైన అడిగిన, అడుగుట న్యాయమే. ఆయన మోసికొనిపోయిన వాదము తప్పుడుదేనని మా యభిప్రాయము. అయినను వాదము ఓడినంత మాత్రమున ఆయన విద్య అబద్ధమై పోలేదు. పారిసు ఆ విద్యను వాడుకొనెను. 1954 నుండి 1978 వరకు అక్కడి జాతీయ పరిశోధన సంస్థలో ఆయనకు పని యుండెను. 1959లో ఖురానుకు ఆయన చేసిన ఫ్రెంచి అనువాదము వెలువడెను.

కూడు, గుడ్డ, నీడ ఇచ్చి పండితుని ఆదరించితిమనుకొందుము. అతనికి వానితోపాటు, తన్ను ప్రశ్న అడుగువాడొకడు కావలెను. అడుగువాడు లేని పండితుడు అన్నము తినుచునే ఎండిపోవును. ఆదరణలో మరియొక చిక్కును గలదు. బబులోను దానియేలునకు రాజుగారి భోజనము ఏర్పరచెను, కల్దీయుల విద్య నేర్పెను, పేరు మాత్రము తీసివేసి బెల్తెషాజరు అని పిలిచెను. మావాడవైతేనే మాయన్నము అనుట నేటి దేశములకును అలవాటే.

హమీదుల్లాగారు ఫ్రాన్సు పౌరసత్వము పుచ్చుకొనలేదు. శరణార్థిగానే దశాబ్దములు గడిపి, వ్యాధిగ్రస్తుడై 1996లో అమెరికాకు పోయెను. 2002 డిసెంబరు 17న, 94 ఏండ్ల వయస్సున, ఫ్లోరిడాలో కన్నుమూసెను. అప్పటికి హైదరాబాదు విడిచి 54 సంవత్సరములు.