యోగం కొనుక్కుంటాం, క్షేమం ఎవరు చూడాలి?

విజయదశమి వస్తే పల్నాడులోని దాచేపల్లిలో పూజ అందుకోని బండి అరుదు. పత్తి చేలకు తిరిగే ట్రాక్టరు, సున్నపురాయి మోసే లారీ, మిరప టిక్కీలను గుంటూరు యార్డుకు చేర్చే వ్యాను, ఇంటి ముందు నిలిపిన కొత్త కారు, అన్నిటినీ కడుగుతారు. పసుపు కుంకుమలు అద్ది, బంతిపూల దండ వేసి, గుమ్మడికాయ దిష్టి తీసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తారు. ఈ ఆచారాన్ని మూఢనమ్మకమని తీసిపారేయడం తొందరపాటు. మనకు అన్నం పెట్టే పనిముట్టుతో మనకొక సంబంధం ఉందన్న ఎరుక అందులో ఉంది. సంబంధం ఉన్నచోట బాధ్యత కూడా ఉండి తీరాలి. మరి దండం పెట్టినవాడు, ఆ దండం అందుకున్నదానికి ఏం బాకీ పడతాడు? ఈ ప్రశ్నకు జవాబు బండికి పైన కనబడే చోట దొరకదు. బానెట్ కింద, కాయిల్ కింద, ఇంజను లోతులో చూపుడువేలంత ఉండే స్పార్క్ ప్లగ్ దగ్గర వెతకాలి. టర్బో పెట్రోలు కారులో ఆ ప్లగ్గును చెడిపోకముందే, కాలం చూసి, పద్ధతిగా మార్చడం ఆయుధపూజలో మిగిలిపోయిన సగమని నా వాదం.

మన సంప్రదాయం యోగక్షేమం అన్న మాటను రెండుగా విడదీసి చెప్పింది. లేనిదాన్ని పొందడం యోగం, పొందినదాన్ని కాపాడుకోవడం క్షేమం. ఉత్తరాల్లో మనం యాంత్రికంగా రాసే ఈ జంటపదంలో రెండు వేర్వేరు పనులున్నాయి. మొదటిది సంబరంగా జరుగుతుంది, రెండోది నిశ్శబ్దంగా జరగాలి. టర్బో కారు కొనడం అచ్చమైన యోగం. 2019లో వచ్చిన హ్యుందాయ్ వెన్యూనే చూడండి. అందులో 1.2 లీటర్ల మామూలు పెట్రోలు ఇంజను 83 హార్స్‌పవర్ ఇస్తే, అంతకంటే చిన్నదైన 1.0 లీటరు టర్బో ఇంజను 120 ఇచ్చింది. ఈ అదనపు బలం ఊరికే రాలేదు. బయటికి పోయే పొగ వేగంతో ఒక చక్రం తిరుగుతుంది, దానికి జోడించిన మరో చక్రం గాలిని అదిమి సిలిండర్లోకి తోస్తుంది. ఎక్కువ గాలి, ఎక్కువ పెట్రోలు, ఎక్కువ మంట. ఆ భారమంతా చివరకు మంట రాజేసే ప్లగ్గు మీద పడుతుంది. యోగం ఎంత పెద్దదైతే క్షేమం బాకీ అంత పెద్దదవుతుందనడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ అక్కర్లేదు.

ఆ భారం ఎలాంటిదో కాస్త వివరంగా చూడాలి. ప్లగ్గు కొసన రెండు లోహపు మొనల మధ్య సన్నని ఖాళీ ఉంటుంది. కాయిల్ నుంచి వచ్చే వేల వోల్టుల కరెంటు ఆ ఖాళీని దూకినప్పుడే నిప్పురవ్వ పుడుతుంది. గాలి ఎంత చిక్కబడితే దాన్ని దూకడానికి అంత ఎక్కువ వోల్టేజి కావాలి. అందుకే మామూలు ఇంజన్లలో ఒక మిల్లీమీటరు అటూఇటూ ఉండే ఈ ఖాళీని చాలా టర్బో ఇంజన్లలో 0.7, 0.8 మిల్లీమీటర్లకే ఉంచుతారు. అయితే ప్రతి రవ్వా మొన నుంచి కంటికి కనబడనంత లోహాన్ని తినేస్తుంది. ఇంజను నిమిషానికి 2,400 చుట్లు తిరుగుతూ, కారు గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోతోందనుకుంటే, ఒక్కో ప్లగ్గు కిలోమీటరుకు 900 సార్లు రవ్వ వేస్తుంది. ఆ లెక్కన 40,000 కిలోమీటర్లకు 3.6 కోట్ల రవ్వలు. మొన అరిగేకొద్దీ ఖాళీ పెరుగుతుంది, ఖాళీ పెరిగేకొద్దీ కాయిల్ మీద ఒత్తిడి పెరుగుతుంది. మాచర్ల అవతల నాగార్జునకొండ లోయలో ఒకప్పుడు వెలసిన బౌద్ధ విహారాల్లో బోధించిన పాఠం, కూడినదల్లా విడిపోయేదేనని. స్థిరంగా కనబడేది క్షణక్షణమూ తరిగిపోతోందన్న ఆ మాటకు ఈ మొన సాక్ష్యం. బండి చక్కగా నడుస్తున్న రోజునే అది అరుగుతోంది.

మరి ఎప్పుడు మార్చాలి? ఇది జ్ఞానానికి సంబంధించిన ప్రశ్న. కంటికి కనబడనిదాన్ని ఎలా తెలుసుకుంటాం? న్యాయదర్శనం దీనికి అనుమానమనే ప్రమాణాన్ని చెప్పి, అందులో రకాలు చూపింది. దాచేపల్లిలో ఆకాశం నిర్మలంగా ఉండగానే నాగులేరు ఎర్రనీళ్లతో పొంగితే, ఎగువన వాన కురిసిందని తెలుసుకుంటాం. కార్యాన్ని చూసి కారణాన్ని పట్టుకోవడం అది, శేషవత్. నల్లమబ్బు కమ్మినప్పుడే వాన రాబోతోందని కల్లంలో మిరపకాయల మీద పట్టా కప్పుతాం. కారణాన్ని చూసి కార్యాన్ని ముందే పట్టుకోవడం ఇది, పూర్వవత్. ఇంజను మిస్సింగ్ కొట్టాక, పికప్ పడిపోయాక, ఇంజను లైటు వెలిగాక ప్లగ్గు మార్చేవాడు శేషవత్ మీద బతుకుతున్నాడు. కిలోమీటర్లు లెక్కపెట్టుకుని మార్చేవాడిది పూర్వవత్. మిరప రైతుకు ఈ తేడా కొత్తగా చెప్పాల్సిన పని లేదు. పైకి ఎర్రగా మెరిసే కాయలో తడి మిగిలితే లోపల బూజు పడుతుందని అతనికి తెలుసు. అందుకే కాయను ఆడించి గింజ గలగలలాడేదాకా ఎండబెడతాడు తప్ప, బూజు కనబడేదాకా ఆగడు.

ఆ లెక్కకు ఆధారం కారుతో ఇచ్చే పుస్తకమే. నికెల్ మొన ప్లగ్గులైతే సాధారణంగా 30,000 నుంచి 40,000 కిలోమీటర్లు. ఇరిడియం, ప్లాటినం మొనలవి మామూలు ఇంజన్లలో లక్ష దాకా కూడా వస్తాయి కానీ, టర్బోలో గడువు చాలాసార్లు అంతకంటే బాగా తక్కువ. పుస్తకం చెప్పిన అంకె గరిష్ఠ హద్దు, దాన్ని దాటడం మన ఇష్టం కాదు. మన నేల ఆ హద్దును ఇంకొంచెం తగ్గిస్తుంది. పక్కనున్న రెంటచింతల రాష్ట్రంలోనే ఎండలకు పేరుపడ్డ ఊరు. వేడిగాలిని అదిమితే అది మరింత వేడెక్కుతుంది, ఇంజను లోపల అదుపుతప్పిన మంటకు అవకాశం పెరుగుతుంది. అటువంటి చోట గడువు దగ్గరపడకముందే ఒకసారి ప్లగ్గులు తీయించి చూడటం వివేకం. మొన లేత గోధుమరంగులో ఉంటే మంట సరిగా ఉన్నట్టు. నల్లని మసి, నూనె తడి, తెల్లబడి పొక్కులెక్కిన పింగాణీ, ఒక్కోటీ ఒక్కో రోగాన్ని చెబుతుంది.

ఎలా మార్చాలన్నదీ అంతే ముఖ్యం, ఎందుకంటే క్రమం తప్పిన క్రియ ఫలితాన్ని చెడగొడుతుంది. ఇంజను పూర్తిగా చల్లారాలి. సిలిండర్ హెడ్ అల్యూమినియం, వేడిమీద ప్లగ్గు తిప్పితే మరలు చీరుకుపోతాయి. కాయిల్ కనెక్టరు లాకును నెమ్మదిగా విడదీసి, బోల్టు తీసి, కాయిల్‌ను నిటారుగా పైకి లాగాలి. తర్వాత ప్లగ్గు గుంటలో చేరిన దుమ్మును గాలితో ఊదేయాలి. పిడుగురాళ్ల, నడికుడి చుట్టూ సున్నపు దుమ్ము తెలిసిందే, అది సిలిండర్లో పడితే బాగుచేయబోయి చెడగొట్టినట్టే. పాత ప్లగ్గులను తీసిన వరుసలోనే పెట్టుకోవాలి, ఏ సిలిండర్ ఏం చెబుతోందో తెలియాలంటే. కొత్తవి కంపెనీ చెప్పిన నంబరువే కావాలి. వేడిని వదిలించుకునే గుణం ప్లగ్గుప్లగ్గుకూ వేరు, తప్పు రకం వేస్తే టర్బో వేడికి మొనే నిప్పుకణికై వేళకానివేళ మంట రాజేస్తుంది. ఖాళీ కొలవాలి గాని సన్నని ఇరిడియం మొనకు పరికరం తగలకూడదు. కింద పడ్డ ప్లగ్గు వాడకూడదు. ముందు చేత్తోనే మర ఎక్కించి, ఆపైన టార్క్ రెంచితో పుస్తకం చెప్పినంత బిగించాలి. బలమంతా పెట్టి బిగించడం భక్తి కాదు. ఒకటి మార్చి మిగతావి వదలడమూ తగదు, అన్నీ ఒకే దారి నడిచాయి గనుక అన్నీ అరిగే ఉంటాయి.

దీనికి భక్తుల వైపు నుంచే బలమైన ఆక్షేపణ ఒకటుంది. వేరే తలపు లేక తననే తలచే అనన్యుల యోగక్షేమం తానే మోస్తానని గీతలో భగవానుడు మాట ఇచ్చాడు కదా, పూజ చేసి ఆయనకు అప్పగించాక మన లెక్కలెందుకని. ఈ ప్రశ్నను శంకరాచార్యులు తన భాష్యంలో తప్పించుకోలేదు. భగవంతుడు ఇతర భక్తుల క్షేమం కూడా చూస్తాడు, కానీ వాళ్లు తమ కోసం తాము కూడా పాటుపడతారు. అనన్యులు మాత్రం తమ కోసం తాము పాటుపడరు. ఆయన చూపిన తేడా ఇదీ. ఇక్కడ తమ కోసం అన్న మాటను పట్టుకోవాలి. ప్రయత్నం మానే స్వేచ్ఛ అనన్యభక్తుడికి తన విషయంలోనే ఉంది. కారులో వెనక కూర్చున్న పిల్లల విషయంలో, ఎదురుగా బైకు మీద వస్తున్న అపరిచితుడి విషయంలో ఆ స్వేచ్ఛ ఎవరికీ లేదు. అరిగిన ప్లగ్గు టర్బోలో మొదట మొరాయించేది ఇంజను మీద భారం పెరిగినప్పుడే. అంటే అద్దంకి–నార్కెట్‌పల్లి రోడ్డు మీద సిమెంటు లారీని దాటబోతూ యాక్సిలరేటర్ నొక్కిన సరిగ్గా ఆ క్షణాన. అక్కడ బలం తప్పితే మూల్యం చెల్లించేది భక్తుడొక్కడే కాదు.

రెండో ఆక్షేపణ మితవ్యయం పేరుతో వస్తుంది. ఇంకా పనిచేస్తున్న వస్తువును పారేయడం దుబారా, అపరిగ్రహానికి విరుద్ధమని. ఇది గౌరవించాల్సిన మాట. గడువు రాకముందే, కంపెనీ చెప్పకముందే, షెడ్డువాడి మాట మీద ఏటేటా మార్చడం నిజంగా దుబారానే, దాన్ని నేనూ సమర్థించను. కానీ గడువు దాటిన ప్లగ్గును పనిచేస్తోందనడం సగం నిజం. రవ్వ తప్పిన ప్రతిసారీ కాలని పెట్రోలు పొగగొట్టంలోకి పోయి, విషవాయువులను శుద్ధిచేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను లోపలినుంచి కాల్చేస్తుంది. అతిగా శ్రమించిన కాయిల్ కూడా చచ్చిపోతుంది. చిన్న వస్తువును పొదుపు చేయబోయి, దానికంటే ఎన్నోరెట్లు ఖరీదైనవాటిని, అందరూ పీల్చే గాలిని ఖర్చుపెట్టడం అపరిగ్రహం అనిపించుకోదు.

ఇక పూజ వేరు, మరమ్మతు వేరు, రెంటినీ కలపడమెందుకు అనేవారికి పల్నాడే సమాధానం చెబుతుంది. కారెంపూడిలో ఏటా కార్తీక అమావాస్య నుంచి అయిదు రోజులు పల్నాటి వీరుల ఉత్సవాలు జరుగుతాయి. 12వ శతాబ్దపు యుద్ధంలో నేలకొరిగినవారి తలపుగా ఆయుధాలను పూజిస్తారు. ఆ ఆయుధాలను నాగులేటి నీళ్లతో శుద్ధిచేసి ఊరేగిస్తారు. తుడవడం, కడగడం, మొక్కడం అక్కడ ఒకే వరుసలో జరిగే పనులు, ఎక్కడ మరమ్మతు ముగిసి ఎక్కడ పూజ మొదలైందో గీత గీయలేం. నిత్యాగ్నిని ఇంట నిలిపిన అగ్నిహోత్రికి కూడా నిప్పును ఆరనివ్వకుండా చూసుకోవడమే వ్రతం, ఆరితే ప్రాయశ్చిత్తం ఉంది. నాగులేరు కారెంపూడి దాటి దాచేపల్లి పక్కనుంచి పారి కృష్ణలో కలుస్తుంది. ఆ ఏటి ఎగువన కత్తికి చేసిన సేవనే దిగువన ఇంజనుకు చేయమని అడగడం కొత్త మతమేమీ కాదు. ఈ దసరాకు బండికి బొట్టు పెట్టేముందు మీటరు మీది కిలోమీటర్లు చదివి, పుస్తకంలోని గడువుతో పోల్చి చూడాలి. గడువు వచ్చి ఉంటే ఆ ప్లగ్గులన్నీ మార్చాకే దండ వేయాలి.