సెలోపెహాదు కుమార్తెల మనవి

(ధ్యానభాగములు: సంఖ్యాకాండము 27:1–11, 36:1–12)

ఎవరైనను ఫిర్యాదు చేసిరని వినగానే మన మనస్సునకు మొదట ఏమి తోచును? వీరికి తృప్తి లేదు, వీరు సణుగువారు అనియే కదా. అరణ్యములో సణిగిన ఇశ్రాయేలీయుల కథ బాల్యమునుండి మనకు కంఠస్థమై యున్నది. అయితే అదే అరణ్యములో మరియొక మనవియు వినబడెను. దానిమీద ప్రసంగము వినుట అరుదు.

మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా అను అయిదుగురు అక్కచెల్లెండ్రు ప్రత్యక్షపు గుడారపు ద్వారమునొద్దకు వచ్చి, మోషే యెదుటను యాజకుడైన ఎలియాజరు యెదుటను నిలిచిరి. తమ తండ్రికి కుమారులు లేనందున అతని పేరు వంశములోనుండి ఎందుకు పోవలెనని అడిగిరి. వారిని ఎవరును పనిగట్టుకొని ద్వేషింపలేదు. లెక్క వ్రాసిన విధమే అట్టిది. పురుషులను లెక్కించి, ఆ లెక్క చొప్పున భూమిని పంచవలెను. నియమము అందరికిని ఒక్కటే, అయినను ఈ యింటికి మాత్రము ఏమియు మిగులలేదు. మోషే వారిని గద్దింపలేదు. తనంతట తానే తీర్పు చెప్పనులేదు. వారి మాటను దేవుని సన్నిధికి తీసికొనిపోయెను. వారు పలికినది న్యాయమేనని జవాబు వచ్చెను, నియమమే మారెను.

ఈ భాగమును నేను మరల మరల చదువుటకు కారణము అమెరికా దేశపు రెండు నగరములలో, అగ్నిమాపక శాఖలలో జరిగిన సంగతులు. ఉద్యోగమిచ్చునప్పుడు జాతి, రంగు, మతము, స్త్రీపురుష భేదము, పుట్టిన దేశము చూడరాదని అక్కడ 1964లో చట్టము చేసిరి. నగర ప్రభుత్వములు దాని క్రిందికి వచ్చినది 1972లోనే. తనకు అన్యాయము జరిగెనని తలంచువాడు 180 దినములలోగా, అనేక రాష్ట్రములలో 300 దినములలోగా, అందుకొరకు ఏర్పడిన కమిషనుకు ఫిర్యాదు వ్రాసికొనవలెను.

చికాగో నగరము 1995లో అగ్నిమాపక ఉద్యోగములకు వ్రాతపరీక్ష పెట్టగా 26,000 మందికి పైగా వచ్చిరి. 89 మార్కులును అంతకు మించియు వచ్చినవారు మిక్కిలి యోగ్యులు. 65 మొదలు 88 వరకు వచ్చినవారు కేవలము యోగ్యులు. మీరు పరీక్ష తప్పలేదు గాని మీకు పిలుపు రాకపోవచ్చునని వారికి తెలిపిరి. 88కిని 89కిని నడుమ గీచిన ఆ గీతకు ఇవతల మిగిలిపోయినవారిలో నల్లజాతివారు మిక్కుటముగా నుండిరి. మొదటి ఫిర్యాదు 1997లో వెళ్లెను. గడువు దాటిపోయినదని నగరము వాదించెను. 2010లో సుప్రీం కోర్టు న్యాయమూర్తులందరు ఏకాభిప్రాయముతో చెప్పినదేమనగా, జాబితా ప్రకటించిన దినమున మాత్రమే గాక, ఆ జాబితాను చూచి మనుష్యులను తీసికొనిన ప్రతిసారియు ఫిర్యాదునకు తావు కలదని. తూనికరాయి తప్పైనయెడల కొన్ననాడు మాత్రమే తప్పా? దానితో తూచిన ప్రతినాడును తప్పే గదా.

ఇంతవరకు అక్కచెల్లెండ్ర కథవంటిదే. రెండవ నగరము సంగతి అంత సులభము కాదు.

న్యూ హేవెన్ నగరములో 2003లో అగ్నిమాపక శాఖలోని 118 మంది పై ఉద్యోగములకు పరీక్ష వ్రాసిరి. వారిలో లెఫ్టినెంటు పదవి కోరినవారు 77 మంది: తెల్లవారు 43, నల్లవారు 19, హిస్పానికులు 15. ఖాళీలు 8. నియమముల ప్రకారము అప్పటికి ఎంపికకు అర్హులు మొదటి 10 మంది మాత్రమే. ఆ పదిమందియు తెల్లవారే. నగర అధికారులు కలవరపడిరి. ఈ జాబితాను అనుసరించినయెడల నల్లవారు వ్యాజ్యము వేయుదురని భయపడి, విచారణలు జరిపిరి. 2004లో సివిల్ సర్వీసు బోర్డు చెరి రెండు ఓట్లుగా చీలిపోగా, పరీక్షాఫలితములు మూలబడెను. ఎవరికిని పదవి రాలేదు.

అప్పుడు పదవి తప్పిపోయినవారు వ్యాజ్యము వేసిరి. వారిలో ఒకనికి అక్షరములు సరిగా చదువలేని బలహీనత కలదు. అతడు 1,000 డాలర్లకు పైగా ఖర్చుపెట్టి పుస్తకములు కొని, వాటిని ఇతరునిచేత చదివించి టేపుమీద ఎక్కించుకొని, దినమునకు ఎనిమిది మొదలు పదమూడు గంటలవరకు వినుచు నేర్చుకొనెను. ఇట్టివానితో, నీ పక్కనున్నవారి రంగునుబట్టి నీ పరీక్ష చెల్లదని ఏ ముఖముతో చెప్పగలము? 2009లో సుప్రీం కోర్టు అయిదుగురు ఒకవైపు, నలుగురు ఒకవైపుగా వారి పక్షమున తీర్పు చెప్పెను.

కాని ఆ నలుగురి మాటను త్రోసివేయుట నాకు చేతగాలేదు. 1970 తరువాతి తొలి సంవత్సరములలో ఆ నగర జనాభాలో నల్లవారును హిస్పానికులును నూటికి ముప్పదిమంది యుండగా, 502 మంది అగ్నిమాపక ఉద్యోగులలో నూటికి నలుగురైనను లేరని వారు జ్ఞాపకము చేసిరి. వ్రాతకు నూటికి 60, మౌఖికమునకు 40 అను లెక్క ఇరువది యేండ్లనాటి యూనియను ఒప్పందములోనుండి వచ్చినదే గాని, పొగలోను మంటలోను మనుష్యులను నడిపించుటకు ఏ గుణము కావలెనని విచారించి వేసినది కాదని వ్రాసిరి. తీర్పు వచ్చిన తరువాత ఒక నల్లజాతి ఉద్యోగియు వ్యాజ్యము వేసెను. లెఫ్టినెంటు మౌఖిక పరీక్షలో అందరికంటె ఎక్కువ మార్కులు అతనివే. అయినను 60, 40 లెక్కలో అతడు ఇరువదినాలుగవవాడైపోయెను. అతని వ్యాజ్యము విననక్కరలేదని చెప్పుటకు వీలులేదని 2011లో అప్పీలు కోర్టు చెప్పెను.

మరి ఎవరి ఫిర్యాదు న్యాయమైనది? ఇక్కడనే సంఖ్యాకాండము ముప్పదియారవ అధ్యాయము నాకు అడ్డుపడినది. అయిదుగురు కుమార్తెలకు భూమి దొరకిన తరువాత మనష్షే గోత్రములోని పెద్దలు మోషేయొద్దకు వచ్చిరి. వీరు అన్యగోత్రికులను పెండ్లాడినయెడల మా స్వాస్థ్యము తరిగిపోవును గదా అనిరి. వీరు చెప్పినదియు న్యాయమేనని జవాబు వచ్చెను! మొదటి తీర్పు కొట్టివేయబడలేదు. కుమార్తెలు తమకు ఇష్టమైనవారినే పెండ్లాడవచ్చును గాని తమ గోత్రములోనే పెండ్లాడవలెనని చెప్పబడెను. వారి స్వేచ్ఛ కొంత తగ్గినదనుట నిజమే. దానిని దాచి చెప్పుట నాకిష్టము లేదు. ఒకరి ఫిర్యాదు న్యాయమైనంత మాత్రమున ఎదుటివారి ఫిర్యాదు అన్యాయము కానక్కరలేదు. మనకు ఈ మాట మింగుడుపడదు. తగవులో ఒకరు దొంగ, ఒకరు దొర అయితేనే గాని మనకు నిద్రపట్టదు.

నా తలంపు చెప్పెదను. న్యూ హేవెన్ పెద్దల తప్పు పరీక్ష తరువాత మొదలుకాలేదు, పరీక్షకు ముందే మొదలాయెను. యెష్షయి యింట సమూయేలుకు ఎలియాబు రూపమును ఎత్తును చూడవద్దని హెచ్చరిక వచ్చినది తైలము పోయకముందే (1 సమూయేలు 16). కొలత సరియైనదా అని ముందుగా అడుగక, ఫలితములలోని పేర్లు చూచినపిమ్మట అడిగినయెడల, అడిగినవాని ఉద్దేశము ఎంత మంచిదైనను, దినమంతయు టేపు విని కష్టపడినవానికి అది మోసముగానే తోచును. ముందుగా అడుగకపోవుటచేత మౌఖికములో మొదటివాడైనవానికిని కీడు జరిగినది. కష్టపడిన ఇద్దరును నష్టపోయిరి. కొలత వేసినవారి జీతములో పైసాయైనను తగ్గినదో లేదో.

నేనొకప్పుడు ఒక పాఠశాలకు బంట్రోతును ఎన్నుకొను కమిటీలో కూర్చుంటిని. గంట కొట్టుట, మంచినీళ్లు మోయుట, బ్యాంకుకు పోయివచ్చుట, ఇంతే పని. దరఖాస్తు మాత్రము ఇంగ్లీషులో స్వహస్తముతో వ్రాయవలెనని పెట్టితిమి. ఏలయనగా గుమాస్తా ఉద్యోగమునకు పెట్టిన పాత ప్రకటననే మరల అచ్చు వేయించితిమి. అది చాలదన్నట్లు, అభ్యర్థి బయటికి వెళ్లిన ప్రతిసారియు, "వీడు ఎవరి తాలూకు?" అని మాలో ఒకరు అడుగుచునే యుండిరి. నేను అడుగలేదు గాని జవాబు విన్నాను. ఒక యువకుడు తెలుగులో చక్కగా వ్రాసి తెచ్చిన కాగితమును చదువకయే ప్రక్కన పెట్టితిమి. అతడు నమస్కరించి వెళ్లిపోయెను. ఎవరును ఫిర్యాదు చేయలేదు. అందుచేతనే మేము న్యాయముగా ఎన్నుకొంటిమని నేను చాల సంవత్సరములు అనుకొనుచుంటిని.