పది అంటే ఎంత?

ఒక ఊళ్లో కొత్తగా ఓవర్‌హెడ్ ట్యాంకు కట్టారు. ఇక ఇంటింటికీ గొట్టాలు వెయ్యాలి. పెద్ద ఇంజనీరు ఊరంతా తిరిగి, పొద్దున రద్దీ వేళ ఎంత నీరు కావాలో తేల్చి, నోట్‌బుక్‌లో ‘10’ అని వేసుకున్నాడు. సెకనుకు 10 లీటర్లు. తనకు తెలిసిందే కదా, రాసుకోవడమెందుకనుకున్నాడు.

ఆయనకు బదిలీ అయ్యాక ఆ నోట్‌బుక్ ఒక కుర్ర ఇంజనీరు చేతికొచ్చింది. అతను వీధుల పొడవులు అడుగుల్లో, గొట్టాల లావు అంగుళాల్లో కంప్యూటరుకు ఎక్కించాడు. ప్రవాహం దగ్గర 10 కొట్టాడు. ఆ సాఫ్ట్‌వేర్ ముందునుంచే నిమిషానికి ఇన్ని గ్యాలన్లనే లెక్కలో ఉంది. నిమిషానికి 600 లీటర్లు కావలసిన ఊరికి 38 లీటర్లు చాలనుకుంది. రెండంగుళాల గొట్టం సరిపోతుందని చూపించింది. తెర మీద ఎక్కడా ఎర్ర గీత రాలేదు.

లారీలోంచి దిగుతున్న గొట్టాలు చూసి ఊరి నీరటి నోరెళ్లబెట్టాడు. తన రెండెకరాల చెలకలో బోరుకే అంత గొట్టముంది. ఆ మాట పైకి అన్నాడు కూడా. కంప్యూటరు చెప్పాక నీరటి మాట ఎవరు వింటారు? గొట్టాలు పూడ్చేశారు.

నీళ్లు వదిలిన రోజు మొదటి వీధిలో బిందెలు నిండాయి. చివరి వీధిలో కుళాయిలు బుస్సుమని గాలి ఊదాయి. కుర్ర ఇంజనీరు రాత్రంతా లెక్క మళ్లీ మళ్లీ చేశాడు. ప్రతిసారీ అదే జవాబు. తెల్లారాక నీరటి దారిలోని కుళాయిలన్నీ కట్టించి, గొట్టం చివరి మూత విప్పించి, 15 లీటర్ల బకెట్ పెట్టి ఒకటీ రెండూ లెక్కబెట్టాడు. పదికి నిండింది. అంటే సెకనుకు లీటరున్నర. అసలు ఎంత రావాలని అడిగాడు. పది రావాలన్నాడు కుర్రాడు. పది ఏమిటని అడిగాడు నీరటి. కుర్రాడు నోట్‌బుక్ ముందుకీ వెనక్కీ తిరగేశాడు. అందులో లేదు.

నీతి: పక్కన కొలత పేరు లేని అంకెను మనిషి తన అలవాటు కొద్దీ చదువుకుంటాడు, యంత్రమూ అంతే, కాకపోతే యంత్రానికి అనుమానం రాదు. నీరు 16 రెట్లయితే గొట్టంలో ఒరిపిడి 160 రెట్లు దాటుతుంది కాబట్టి ఇక్కడ చిన్న పొరపాటంటూ ఉండదు. 1999లో ఒక బృందం పౌండ్ల లెక్కలో ఇచ్చిన అంకెలను ఇంకో బృందం న్యూటన్లనుకోవడంతో నాసా నౌక ఒకటి అంగారకుడి దాకా వెళ్లి గల్లంతైంది, అక్కడ బకెట్ పెట్టి చూసే నీరటి లేడు మరి.