కారుచున్న నల్లా

అయిదు రొట్టెలతో అయిదువేలమందికి ఆకలి తీర్చిన దినమున ప్రభువు, మిగిలిన ముక్కలను విడిచిపెట్టక ఏరుకొని రమ్మని శిష్యులను పంపెను. పండ్రెండు గంపలు నిండెను. రొట్టెను ఇంకను పుట్టింపగలవాడు ముక్కలకొరకు ఏల చింతించెను? మా సంఘములో నల్లాలు బిగించు పనివాడొకడు ఈ ప్రశ్నను నాకు మరల జ్ఞాపకము చేసెను.

చేదతో తోడుకొన్న దినములలో ప్రతి బిందె నీటి బరువు చేతికి తెలిసెడిది. 2016లో ఆరంభమైన మిషన్ భగీరథ వలన వరంగల్లు ప్రాంతపు పల్లెలలో నీరు వాకిటికి వచ్చినది. ఇది గొప్ప మేలు. గాని ఆ బరువును మనము మరచితిమి. కారుచున్న నల్లా క్రింద 200 మిల్లీలీటర్ల గ్లాసు పెట్టి చూడుడి. అది పది నిమిషములలో నిండిన యెడల దినమునకు దాదాపు 29 లీటర్లు, సంవత్సరమునకు 10,000 లీటర్లకు పైగా పోవుచున్నవి. పల్లెలో మనిషికి దినమునకు 100 లీటర్లు ఇయ్యవలెనని ఆ పథకపు ఉద్దేశము. అనగా ఒకని వంతులో పావుకంటె ఎక్కువ మోరీపాలే.

మరతిప్పు నల్లా కారుటకు కారణము తరచుగా లోపలి రబ్బరు వాషరు అరుగుటయే. దానిని మార్చిన చాలును. అయితే ఆ పనివాడు నాతో ఇట్లనెను: "అయ్యగారూ, వాషరు వేస్తే గింత పనికి గంత కూలా అంటరు. కొత్త నల్లా బిగిస్తే అడిగినంత ఇస్తరు." పైపు కోయకముందు రెండుమారులు కొలుచుటకు పట్టిన సమయమునకు ఎవరును కూలి ఇయ్యరట. కొలత తప్పి వృథాయైన పైపునకు మాత్రము ఇంటివాడు వెల చెల్లించును. మిగిలిన ముక్కలను అతడు సంచిలో వేసుకొనును, గాని ముందుగా యజమానునికి చూపి అడుగును. మరియొక యింట వాడినప్పుడు వాటికి వెల కట్టడు. వడ్లవాని పని చేసిన మన ప్రభువు, తన బల్లక్రింద పడిన చెక్కముక్కలను ఏమి చేసెనో సువార్తికులు వ్రాయలేదు. వ్రాసియుండిన బాగుండెడిది!

ఓరుగల్లు కాకతీయుల కాలమున త్రవ్వించిన రామప్ప, పాఖాల చెరువులను మీరెరుగుదురు. ఈ సీమలో గొలుసుకట్టు చెరువులు అనేకములు. పై చెరువు మత్తడి దూకిన నీరు క్రింది చెరువును చేరును. తూము తెరచి మూయుటకు ఊరిలో నీరటికాడు ఉండెడివాడు. పంట యింటికి వచ్చినప్పుడు అతనికి ధాన్యములో వంతు కొలిచెడివారు. అతడు క్రొత్త తూములు కట్టినందుకు కాదు, ఉన్న నీటిని కాచినందుకు. మనమో, బిగించువానికి ఇచ్చి, కాచువానితో బేరమాడుచున్నాము. నిజాయితీగల పనివాడు పస్తుండి, దుబారా చేయువాడు బాగుపడిన యెడల, ఆ పాపములో మన పాలు లేదని చెప్పగలమా?

ఇచ్చట ఒక మాట. పొదుపు అనునదంతయు భక్తి కాదు. బేతనియలో మరియ విలువగల అత్తరును ప్రభువు పాదములపై పోసినప్పుడు, ఇది వృథాయని సణిగినవాడు సంచి పట్టుకొన్న యూదా. ప్రేమతో పోసినది ఒకరికి చేరెను. మన నల్లానుండి రాత్రియంతయు కారునది ఎవరికిని చేరదు. పొరుగువానికి బిందెడు నీళ్లు ఇయ్యక మిగుల్చుకొనుట కూడ నేను చెప్పు పొదుపు కాదు.

మొన్న మా మందిరపు ఆవరణలోని నల్లాకు అతడు వాషరు వేసెను. కారుట నిలిచినది. కూలి ఎంతయని పెద్దలు ఇంకను వాదించుచున్నారు. క్రొత్త నల్లా బిగించిన ఏమి ఇత్తుమో అంతయు ఇయ్యవలెనని నేనంటిని. కోశాధికారిగారు నావైపు చూచి, పుస్తకము మూసి, వచ్చే ఆదివారము మాటలాడుదమనిరి.