మౌనము సమ్మతమగునా?

అడవులను కాపాడవలయునా యని మన ప్రాంతమున ఎవరి నడిగినను అవుననియే చెప్పుదురు. ఆత్మకూరు బజారులోని వర్తకుడును, ఉదయగిరి కొండక్రింద మేకలు కాచువాడును ఆ మాటయే పలుకుదురు. సంతోషమే. కాని మాకొక సందేహము కలదు. చెప్పినవానికి ఏమియు ఖర్చు కాని మాట అభిప్రాయమనిపించుకొనునా?

ఉదయగిరి కొయ్యగరిటెలు ప్రసిద్ధములు. ఆ కొయ్య చుట్టుపట్ల కొండలయడవులనుండియే వచ్చును. చెట్లు కొట్టరాదని మేము పలికినచో మా యింట ఒక్క మెతుకు తగ్గదు. గరిటెలు చెక్కువారు ఆ మాటయే పలికినచో వారి పొయ్యి చల్లబడును. మాట ఒక్కటే, తూకము వేరు. వారు సందేహించినచో అజ్ఞానులని నిందించుట న్యాయము కాదు.

ఆత్మకూరునకు సమీపమున పెన్నపై కట్టిన సోమశిల జలాశయము సంగతియు నిట్టిదే. దానివలన నెల్లూరి మాగాణులు పండుచున్నవి. దానిలో మునిగిన గ్రామములు ఎక్కువగా కడప సీమలోనివి. ఉదయగిరి మెట్ట నీటికై చిరకాలము ఎదురుచూచినది. ఒక్క యేటిని గూర్చి మూడు అభిప్రాయములు. మూడింటికిని కారణములు కలవు. వీనిలో ప్రజాభిప్రాయమేది? ఎక్కువ చేతులు లేచినదే యనినచో, మునిగినవారు ఎన్నడును ఓడువారే.

2006 సెప్టెంబరు 14వ తేది కేంద్రప్రభుత్వ ప్రకటననుబట్టి పెక్కు పెద్ద పరిశ్రమలకు, గనులకు అనుమతి నిచ్చుటకు ముందు ఆ చోటనే ప్రజాభిప్రాయ సేకరణ జరుపవలెను. కనీసము 30 దినములు ముందుగా తెలియజేయవలెను. వచ్చినవారు చెప్పినది వ్రాసి, తుదకు స్థానిక భాషలో చదివి వినిపింపవలెను. మెచ్చదగిన యేర్పాటే. కాని సభ మొదలగుటకు ఇందరుండవలెనను నియమము మాత్రము లేదు. కూలి మానుకొని రాలేనివాని మౌనము లెక్కకు రాదు. ఒక్కొక్కప్పుడు సమ్మతముగనే చెల్లిపోవును. మౌనము అర్ధాంగీకారమనుట పెండ్లిమాటలలో చెల్లునేమో కాని, ఊరి నీటి విషయమున చెల్లరాదు.

కావున చదువుకొన్న గృహస్థుల కర్తవ్యము తమ అభిప్రాయమును గట్టిగా పలుకుటతో తీరదు. మన వంటింటి గరిటె ఏ కొండ చెట్టుదో, మన అన్నము ఎవరి ఊరు మునిగిన నీటితో పండినదో ముందు తెలిసికొనవలెను. సభకు పోవునపుడు, రాలేనివాని గుడిసెకు ముందుగా పోయి, వాని మాట యడిగి, దానిని గూడ తీసికొని పోవలెను. అది మన మాటకు విరుద్ధముగా నున్నను విడువరాదు. ప్రజాభిప్రాయమను పేరు అప్పుడే సార్థకమగును.